రెంజల్ దారిలో పాతిక కాగితాల కట్ట

నేను రాసిన రెండు వాక్యాలు నన్ను నిజామాబాద్ దాకా తీసుకెళ్ళాయి. ఒక మాసపత్రికలో చదువుల గురించి రాస్తూ, "అంగన్‌వాడీలు అన్నమూ గుడ్డూ పెట్టే చోట్లు. అక్కడ టీచరు అనే పేరు మర్యాద కోసం పెట్టిందే తప్ప పనిని బట్టి పెట్టింది కాదు" అన్నాను. పత్రిక వచ్చిన మూడో రోజు విమల ఫోన్ చేసింది. విమలా నేనూ హైదరాబాదులో ఒకే హాస్టల్లో ఉండి, ఒకే చర్చా సంఘంలో ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని గొంతులు బొంగురుపోయేదాకా వాదించుకున్నవాళ్ళం. తను నిజామాబాద్‌లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. నేను తెనాలిలో ఉంటాను.

"ఎన్ని అంగన్‌వాడీలు చూసినవ్ నువ్వు?" అని అడిగింది.

మా వీధి చివర ఒకటుందని, రోజూ దాని ముందు నుంచే నడుస్తానని చెప్పాను.

"ముందట్నుంచి నడిస్తె చూసినట్టా? కంటితోని చూడంది నమ్మొద్దని ఊరూరా చెప్పింది నువ్వే గదా. టికెట్ తీస్కో."

వాదంలో ఓడిపోయినప్పుడు ఒప్పుకోవాలన్న నియమం మా సంఘంలో ఉండేది. టికెట్ తీసుకున్నాను.

కంఠేశ్వర్

విమల ఇల్లు కంఠేశ్వర్‌లో. పాత గుడి ఒకటి, దాని చుట్టూ క్లినిక్కులు, మందుల షాపులు, స్కూటర్లు. దేవుణ్ణి నమ్మని ఇద్దరు ఆడవాళ్ళు గుడి పేరుతో ఉన్న పేటలో టీ తాగుతూ కూర్చుంటే ఎవరూ పట్టించుకోలేదు. టీ చిక్కగా, తీపి ఎక్కువగా ఉంది. పదిహేను రూపాయలు. మా ఊళ్ళో ఇంత చిక్కటి టీ కావాలంటే బతిమాలుకోవాలి.

మాకు దుగ్గిరాల పసుపు యార్డు దగ్గరే కాబట్టి పసుపు ఘాటు నాకు కొత్త కాదు. కాని ఇక్కడ ఆ ఘాటుతోపాటు పొగాకు ఘాటు కలిసింది. సందుల్లోకి వెళ్ళేకొద్దీ గుమ్మాల్లో ఆడవాళ్ళు ఒడిలో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. కళ్ళు ఎదుటి మనిషి మీద, మాట పక్కింటామెతో, వేళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఒకామె చాట పక్కనే ఏడాదిన్నర పిల్లాడు తునికాకు ముక్క నోట్లో పెట్టుకోబోతే, ఆమె చూడకుండానే మోచేత్తో తోసేసింది. ఎన్నిసార్లు తోస్తే ఆ మోచేతికి అంత అలవాటవుతుంది?

రాత్రి భోజనంలో జొన్నరొట్టె, పచ్చిపులుసు. మా వైపు పచ్చిపులుసులో బెల్లం వేస్తారంటే విమల నమ్మలేదు. "అది పులుసెట్ల అయితది, పానకం గాని," అంది. ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. తన దగ్గర చదువుకోని, కానీ తను పుస్తకాలు తెచ్చిచ్చిన ఒక ఆయా ఉందట. అంగన్‌వాడీలో వంట చేసి, ఊడ్చి, పిల్లల ముక్కులు తుడిచే మనిషిని ఇక్కడ ఆయా అంటారు. పేరు గంగమణి. ఎల్లుండి ఆమెకు పరీక్ష లాంటిది ఉంది.

బోధన్ బస్సు

మర్నాడు పొద్దున బోధన్ బస్సెక్కాం. విమల ఆధార్ చూపించింది, కండక్టర్ ఉచిత టికెట్ కొట్టాడు. నేనూ అంతే ధీమాగా నాది చూపించాను. అతను కార్డు వెనక్కి తిప్పి చూశాడు.

"అమ్మా, ఇది ఆంధ్ర కార్డు. నడ్వది."

"మా రాష్ట్రంలో కూడా ఆడవాళ్ళకి ఉచితమేనండీ."

"అయితె మీ రాష్ట్రంలనే ఎక్కాలె గదా."

బస్సంతా నవ్వింది. పక్క సీటు ముసలావిడ నా మోకాలు తట్టి, "పైసలియ్యి బిడ్డా. నా కార్డు ఇద్దునే గాని, మనిద్దరి మొకాలు ఒక్క తీర్గ లేవాయె," అంది. నేను డబ్బిచ్చాను. సమానత్వం మీద నేనిచ్చిన ఉపన్యాసాలన్నీ విన్న విమల కిటికీ వైపు తిరిగి నవ్వుతూనే ఉంది.

బోధన్‌లో దిగి అటుకులు తిన్నాం. వేడివేడిగా, పైన సన్న కారప్పూస, నిమ్మచెక్క, ముప్పై రూపాయలు. మా ఇళ్ళల్లో అటుకులంటే కృష్ణాష్టమి రోజు కనిపించేవి. ఇక్కడ కూలికి పోయేవాడి పొద్దుటి తిండి. బండి దగ్గర సగం మాటలు మరాఠీ. మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ చిమ్నీ దూరం నుంచే కనిపిస్తుంది. చెరకు మునుపటంత లేదు, చాలామంది వరికి మళ్ళారట. అయినా రోడ్డు పక్క రసం బండ్లు ఉన్నాయి. రెండు గ్లాసులు తాగాను. చక్కెర జబ్బుందని గుర్తుచేసే బాధ్యత విమల మరిచిపోయింది.

రెంజల్ దాటిన ఊరు

రెంజల్ దాటి ఆటోలో కొంత దూరం వెళ్ళాం. ఊరి పేరు రాయొద్దని గంగమణి అడిగింది కాబట్టి రాయను. అంగన్‌వాడీ ఒకే గది, ముందు చిన్న వరండా. లోపల పదిహేను పదహారు మంది పిల్లలు. కూర్చోడానికి దొరికిన ఒక బుజ్జి ప్లాస్టిక్ కుర్చీలో ఎలాగో ఇరుక్కున్నాను. ఎర్ర గౌను పిల్ల ఒకతె వచ్చి నా ఎదురుగా నిలబడి, "అది నాది," అంది. లేచాను. ఆ పిల్ల పేరు రజియా, నాలుగేళ్ళు.

గంగమణికి నలభై దాటి ఉంటాయి. పొయ్యి మీద పప్పు కలుపుతూనే మాట్లాడింది. పదేళ్ళు బీడీలు చుట్టింది, తర్వాత పద్నాలుగేళ్ళుగా ఇక్కడ ఆయా. రాత్రిపూట బీడీలు చుడుతూ పుస్తకం మోకాళ్ళ మీద పెట్టుకుని ఓపెన్‌లో టెన్త్, ఆ తర్వాత ఇంటర్ పాసైంది. ఇక్కడి టీచరు రిటైరయ్యాక కొన్ని నెలలుగా రెండు పనులూ గంగమణివే. ఇప్పుడు ఆ పోస్టు ఈమెకు ప్రమోషన్ మీద ఇవ్వచ్చు, లేదా బయటినుంచి కొత్తవాళ్ళను తీసుకోవచ్చు. రేపు సూపర్‌వైజర్ వచ్చి ఒక పూట పాఠం చూసి, తన అభిప్రాయం పైకి రాస్తుంది.

"రాకపోతే మళ్ళీ ప్రయత్నించొచ్చు కదా," అన్నాను.

"మల్ల ఏడ ఉంటదమ్మా. ఇది ఒక్కటే సెంటరు, ఒక్కటే కుర్సీ. బయటి పిల్ల ఇరవయ్యైదేండ్లది వచ్చి కూసుంటె, ఆమె రిటైరయ్యేటాల్లకు నేను బొందలుంట." నవ్వుతూ చెప్పింది గాని, గరిటె ఆగిపోయింది.

నేను కాలేజీలో చేరి, ఏమీ చేయకుండా కాలం గడిచినందుకే సీనియర్ లెక్చరర్‌నయ్యాను. పెద్ద పిల్లలకు చెప్పేవాళ్ళకు పెద్ద జీతం, చిన్న పిల్లలకు చెప్పేవాళ్ళకు చిన్న జీతం ఇస్తున్నాం. మనం కొలుస్తున్నది చదువునా, పిల్లల పొడవునా? ఇలాంటివి ఆలోచిస్తుండగా ఒక తండ్రి వచ్చి, బిడ్డను పంపడానికి ఏ వారం మంచిదో చెప్పమన్నాడు. "గుడ్డుండే దినమేదైన మంచిదే. రోజు గుడ్డే. పంపు," అంది గంగమణి. ముహూర్తాల మీద నేను రాసిన వ్యాసాలన్నిటికంటే ఆ మాట తొందరగా పనిచేసింది. ఆయన అప్పుడే పిల్లను దించిపోయాడు.

అంతవరకూ నా మనసు తేలిగ్గానే ఉంది. అప్పుడు గదిలో మూల చూశాను. ఐదారుగురు పిల్లలు పాత పేపర్ ముక్కలు చుడుతున్నారు. ఒకడు ఆ బుజ్జి కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుని వాటిని ఒక్కొక్కటే చూసి, కొన్ని పక్కన పెడుతూ, కొన్ని విసిరేస్తూ, "ఛాట్" అంటున్నాడు. ఛాట్ అంటే పనికిరాదని తీసిపారేసిన బీడీ. దానికి కూలి రాదు. కుర్చీలోవాడు టేకేదారు, అంటే ఇళ్ళనుంచి బీడీలు తీసుకునే మనిషి. పిల్లలు ఆడుతున్నది బీడీ కార్ఖానా ఆట.

గంగమణిని పిలిచి, గట్టిగానే అన్నాను. "ఇదేనా మీరు నేర్పేది? పొగాకు వాళ్ళ తల్లుల ఊపిరి తీస్తుంటే, మీరు దాన్ని ఆట చేసి పెడతారా? రేపు ఆవిడ చూస్తే మీకు పోస్టు ఇస్తారా? వెంటనే ఆపించండి."

గంగమణి ఏదో చెప్పబోయి, ఊరుకుంది. పెద్దదాన్ని, విమల వెంట వచ్చినదాన్ని. పేపర్ ముక్కలన్నీ ఒక సంచిలో వేసి బీరువా పైన పెట్టింది. టేకేదారు ఏడ్చాడు. తిరుగు బస్సులో విమల నాతో ఎక్కువ మాట్లాడలేదు. "ఆట ఆఖరిదాక చూస్తివా?" అని మాత్రం అడిగింది.

మళ్ళీ అక్కడికే

మూడో రోజు మేము వెళ్ళేసరికి గంగమణి ఇస్త్రీ చీరలో ఉంది. చేతిలో బెత్తం లాంటి పుల్ల, గోడకు పళ్ళ చార్టు. గోడ వారగా నలుగురు తల్లులు. సూపర్‌వైజర్ శోభ స్కూటీ మీద వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, నవ్వు తక్కువ. రిజిస్టర్ తెరిచి, "కానివ్వు," అంది.

"పిల్లలూ, ఇది ఏమి పండు?" అంది గంగమణి, పుస్తకంలో ఉన్నట్టే.

పిల్లలు ఆమె వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశారు. రోజూ "గిదేంది రా" అనే మనిషి ఈ రోజు ఇలా ఎందుకు మాట్లాడుతోందో వాళ్ళకు అర్థం కాలేదు. యాపిల్ అని ఒకడు అన్నాడు. మామిడి దగ్గర అందరూ నిశ్శబ్దం. ఒకటి నుంచి పది దాకా అంకెలు చెప్పమంటే ముగ్గురు గొణిగారు. ఒక పిల్లాడు బీరువా వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. గంగమణి మెడ మీద చెమట. శోభ ఏదో రాసుకుంది.

అప్పుడు రజియా లేచింది. "ఆయమ్మా, ఇయ్యాల కార్ఖానా లేదా?"

గంగమణి నా వైపు చూసింది. శోభ తలెత్తింది. "ఏం కార్ఖానా?"

చెప్పాల్సింది నేనే. "పిల్లలు కాగితాలతో ఒక ఆట ఆడుతున్నారండీ. నిన్న నేనే ఆపించాను," అన్నాను.

"మీరెవరు?"

"తెనాలి నుంచి వచ్చాను. విమల స్నేహితురాలిని."

"తెనాలి నుంచి అచ్చి మా సెంటర్ల ఆట బంద్ పెట్టిచ్చిండ్రా?" అని, గంగమణి వైపు తిరిగి, "తియ్యి, సూద్దాం," అంది.

సంచి కిందికి దిగింది. పిల్లలు ఎగబడ్డారు. బీరువా వెనకాల ఉన్నవాడు అందరికంటే ముందు వచ్చి కుర్చీ ఎక్కాడు. వాడి పేరు ఓంకార్. వాడి తల్లి సరిహద్దు అవతలి మరాఠీ ఊరి నుంచి వచ్చింది, వాడికి తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ కలిపే వస్తాయి. రజియా చుట్టిన కాగితం చూసి, "ఛాట్," అన్నాడు.

"ఎందుకు?" అంది రజియా.

"వదులున్నది. ఊడిపోతది."

రజియా ఊడదీసి మళ్ళీ చుట్టింది. ఈసారి తీసుకున్నాడు. తర్వాతి పిల్లాడిది కూడా, "ఛాట్."

"ఎందుకు?"

ఓంకార్ ఆలోచించాడు. "ఊకె," అన్నాడు, అంటే ఊరికే.

పిల్లలందరూ ఒక్కసారే, "ఊకె అంటె నడ్వది," అన్నారు. వాడు మారుమాట లేకుండా కుర్చీ దిగాడు. ఆ పిల్లాడు ఎక్కాడు.

నిన్న నేను వినకుండా వెళ్ళింది ఈ 'ఎందుకు'నే. ఆట ఆఖరిదాకా చూడకుండా తీర్పు చెప్పేశాను. నా జీవితమంతా ఇతరులను తప్పుపట్టింది ఈ ఒక్క పనికే.

గంగమణి ఇప్పుడు నేల మీద పిల్లల మధ్య కూర్చుంది. పుల్ల ఎక్కడ పడేసిందో తెలియదు. "నేను పదేండ్లు చేసిన గా పని, మేడం," అంది శోభతో. "ఛాట్ అన్నోడు ఎందుకో ఒక్కనాడు సెప్పలే. మేము అడగలే. గీల్లు మా చాట పక్కనే కూసోని గా ఆట నేర్సుకున్నరు, నేను నేర్పలే. నేను గా 'ఎందుకు' ఒక్కటే కలిపిన."

పిల్లలు చుట్టినవి లెక్కపెడుతున్నారు. పది దగ్గర ఆగలేదు. పదకొండు, పన్నెండు, ఇరవై. ఇరవై ఐదు దగ్గర అందరూ, "కట్ట," అని అరిచి, రబ్బరు బ్యాండు వేసి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. బీడీల కట్టకు ఇరవై ఐదు. ఇంట్లో రోజూ వినే లెక్క అది. పళ్ళ చార్టు ముందు నోరు తెరవనివాళ్ళే ఇప్పుడు నా చెవులు గింగురుమనేలా లెక్కపెట్టారు.

"మేడం, ఇప్పుడు మీరు టేకేదారు, కూసోండ్రి," అంది రజియా. శోభ కుర్చీలో పట్టదు. నేల మీద కూర్చుంది. ఒక కాగితం చుట్ట తీసి చూసి, "ఛాట్," అంది.

"ఎందుకు?"

శోభ ఆ చుట్టను వేళ్ళ మధ్య తిప్పి, బొటనవేలి గోటితో దాని మూతి రెండు వైపుల నుంచీ లోపలికి మడిచింది. రెప్పపాటు పని. గోడ వారగా కూర్చున్న తల్లుల గుసగుసలు ఆగిపోయాయి.

"మూతి మడవలే, అందుకు," అంది రజియాతో.

ఒక తల్లి నెమ్మదిగా, "మేడం, మీరు గూడ చేసిండ్రా?" అంది.

"డిగ్రీ రెండో ఏడు దాక. మా అమ్మ పక్కన." శోభ చుట్టను కట్టలో పెట్టింది. "తర్వాత టీచర్ పోస్టు వచ్చింది. తర్వాత ఇది. ఎవ్వరు అడగలే, నేను చెప్పలే."

ఆ తర్వాత రిజిస్టర్ తీసుకుంది. "గంగమణీ, ఆట మంచిగున్నది. కాని రేపటి సంది ఇవి బీడీలు కావు. చెరుకు మోపులు."

"ఎందుకు?" అంది రజియా.

శోభ ఆ పిల్లను దగ్గరికి లాక్కుంది. "మీ ఇంట్ల ఎవరు ఎక్కువ దగ్గుతరు?"

"దాదీ."

"దాదీ ఏం చేస్తది?"

"బీడీలు."

"అందుకు."

రజియా కొంచెంసేపు ఆలోచించి, సరే అన్నట్టు తలూపింది. నేను నిన్న చెప్పిందే శోభా చెప్పింది. కాని నేను హుకుం జారీ చేశాను, ఆమె కారణం చెప్పింది. నాలుగేళ్ళ పిల్ల ఆ తేడా పట్టుకుంది. మూఢనమ్మకాల మీద దశాబ్దాలు పోరాడిన నాకు మాత్రం ఆ తేడా చూడ్డానికి రెంజల్ దాకా రావాల్సివచ్చింది.

శోభ రాసింది చదివి వినిపించింది. ఈమె టీచర్‌గా తగును అని ఒక వాక్యం. ఎందుకు తగునో మరో ఐదు వాక్యాలు. గంగమణి వింటూ నిలబడి, చివరికి, "మేడం, గుడ్లు సల్లారుతున్నయ్, తిందురు గాని," అంది. అందరం పిల్లల వరసలోనే కూర్చుని అన్నం, పప్పు, గుడ్డు తిన్నాం. పప్పు బాగుంది. ఉప్పు కొంచెం ఎక్కువైంది. వండేటప్పుడు ఆమె ధ్యాస ఎక్కడుందో ఊహించుకోవచ్చు.

ఇంటికొచ్చాక

వెనక్కి వచ్చాక నేను చేసిన మొదటి పని ఆ రెండు వాక్యాలను అదే పత్రికలో వెనక్కి తీసుకోవడం. ఎందుకు తీసుకుంటున్నానో కూడా రాశాను. సంపాదకుడు, "ఇంత పొడవు క్షమాపణ ఎప్పుడూ వేయలేదండీ," అన్నాడు. వేశాడు.

కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం గంగమణి ఫోన్ చేసింది. గొంతు గుసగుసగా ఉంది. ఏమైందోనని భయపడ్డాను.

"పోస్టు అచ్చిందక్కా. ఆర్డరు చేతికి అచ్చింది."

"మరి అంత నెమ్మదిగా చెప్తావేం? ఒంట్లో బాగాలేదా?"

"మంచిగనే ఉన్న. ఇగ ఆయా కుర్సీ ఖాళీ అయ్యింది గదా. ఓంకార్ వాళ్ళమ్మ, ఇంకొకామె, ఇద్దరు అచ్చి, మేము గూడ ఆయా కావాల్నంటె ఏం చదవాలె అన్నరు. ఇప్పుడు ఆయాకు గూడ ఇంటర్ కావాలన్న. ఒకామె ఏడు దాకనే చదివింది. ఎన్నేండ్లు పడ్తది అంటె, నీ కొడుకు మూడో తరగతికి పోయేటాల్లకు అయితది అన్న. అప్పటికి గీ కుర్సీ ఉండకపోవచ్చు, చదువైతె ఉంటది గదా అన్న. మరి అప్పటిదాక మాకు ఎవరు సెప్తరు అన్నరు."

"ఎవరు చెప్తారు?"

"నేనే. రోజు రెండింటి సంది మూడు దాక. ఇప్పుడు ముందటనే కూసున్నరు, భాగహారం చేస్తున్నరు." గొంతు ఇంకా తగ్గింది. "పిల్లలు పండుకున్నరక్కా. లేస్తె చదువు ఆగిపోతది. మల్ల చేస్త."